పటేలు షాటు, గులాము షాటు, సంఘం షాటు

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఒక ప్రశ్న వేశాడు. "మావయ్యా, టీవీలో ప్రొడ్యూసర్ అవ్వాలంటే ఏం చదవాలి? వీడియో జర్నలిస్టుగా చేరితే తొందరగా పైకి రావచ్చంటున్నారు, నిజమేనా?" నేను ఏనాడూ టీవీలో పనిచేసినవాణ్ణి కాను. పాత కాగితాలు తిరగేసే వ్యసనం మాత్రం ఉంది. ఆ పూటకు వాడికేదో చెప్పి తప్పించుకున్నాను గానీ, తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఆ ప్రశ్న వదల్లేదు. వాడికి సరైన జవాబు చెప్పాలంటే కాలేజీల పేర్లు చెబితే సరిపోదనీ, ఒక మనిషి ఉద్యోగపర్వం గురించీ, ఆయన పుణ్యమా అని కెమెరా పట్టిన కొందరు స్త్రీల గురించీ చెప్పాలనీ అనిపించింది. అంచేత ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక పట్టవలసిందిగా మనవి.

అసలు 'ప్రొడ్యూసర్' అన్న మాట దగ్గరే మనకు తికమక ఉంది. తెలుగువాడికి నిర్మాత అంటే సినిమా నిర్మాత. అంటే డబ్బు పెట్టేవాడు, తెల్లబట్టలు వేసుకుని ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టేవాడు. టెలివిజన్‌లో ప్రొడ్యూసర్ అలాంటివాడు కాడు. అతను నెలజీతం మీద బతికేవాడు. విషయం ఎంచుకోవడం, మనుషుల్ని వెతకడం, చిత్రీకరణ దగ్గరుండి చేయించడం, కూర్పు బల్ల దగ్గర కూర్చుని ఏది ఉంచాలో ఏది తియ్యాలో తేల్చడం అతని పని. రేడియోవారు చాలాకాలం వాడిన 'నిర్వహణ' అన్న మాట ఈ పనికి ఇంతకన్నా దగ్గరగా ఉంటుంది. డబ్బు సర్కారుది, యంత్రాలు సర్కారువి, బుర్ర మాత్రం ప్రొడ్యూసర్‌ది. అదీ 1970లలో మన దేశంలో ఈ వృత్తి మొదలైన తీరు.

మొదలైంది కూడా చిత్రంగా మొదలైంది. మహానగరాల్లోని మేడలమీద యాంటెనాలు సరిగ్గా మొలవకముందే, మారుమూల పల్లెల్లో మొలిచాయి. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది. ఉపగ్రహం ద్వారా నేరుగా పల్లెలకు టెలివిజన్ చేర్చడానికి 1969లో అమెరికా వారి నాసాతో ఒప్పందం కుదిరింది. 1971 డిసెంబరులో సారాభాయ్ కన్నుమూశారు. కల మాత్రం నిలిచింది. 1974 మేలో నాసా ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ప్రయోగించి, మరుసటి ఏడు దాన్ని మనకు కనబడే వైపుకు జరిపి, సరిగ్గా ఒక సంవత్సరం వాడుకోమని ఇచ్చింది. అదే 'సైట్' ప్రయోగం. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31తో ముగిసింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మధ్యప్రదేశ్, రాజస్థాన్, బీహారు, ఒరిస్సా - ఆరు రాష్ట్రాలు, 20 జిల్లాలు, సుమారు 2,400 పల్లెలు. రోజుకు నాలుగు గంటలు. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. పంచాయతీ ఆఫీసు ముందో, బడి అరుగు మీదో పెట్టె పెట్టి, కోళ్ళగూటికి కట్టే జాలీలాంటి తీగతో అల్లిన గొడుగు యాంటెనా పక్కన నిలబెట్టారు. కార్యక్రమాలు తయారైన ప్రధాన కేంద్రాలు మూడు: ఢిల్లీ, కటక్, హైదరాబాదు.

(ఇక్కడో పిడకల వేట. ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతటికీ ప్రసారాలు చేయవచ్చునని 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్ అప్పటికి కొలంబోలో నివాసముంటున్నారు. మన ఇస్రో ఇంజనీర్లు ఆయన ఇంటికి వెళ్ళి ఒక యాంటెనా బిగించి వచ్చారు. తన ఊహ తన ఇంటిమీదే వాలడం ఎంతమంది రచయితలకు దక్కుతుంది!)

ఈ ప్రయోగంలో ఒక సాంకేతిక విశేషం నన్ను చాలా ఆకర్షించింది. ఆ ఉపగ్రహం పంపేది ఒకే బొమ్మ. దానితోబాటు రెండు ధ్వనిమార్గాలు. అంటే తెలుగు పల్లెలకూ కన్నడ పల్లెలకూ ఒకే దృశ్యాన్ని పంపి, మాటలు మాత్రం వేరువేరుగా వినిపించవచ్చు. ఆ కాలపు ప్రొడ్యూసర్ పరిస్థితి ఊహించండి. కర్నూలు రైతుకూ రాయచూరు రైతుకూ ఇద్దరికీ 'ఇది మా ఊరే' అనిపించే బొమ్మ తియ్యాలి. పెదవులు కదలడం మరీ స్పష్టంగా కనిపిస్తే ఒక భాషవాడికి తేడా తెలిసిపోతుంది. కాబట్టి మాటకంటే పనినీ, ముఖం కంటే చేతినీ చూపించడం నేర్చుకోక తప్పదు.

ఇందులో మరో సంగతి ఉంది. సైట్ మొదలయ్యేనాటికి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి నెల దాటి కొద్ది రోజులే అయింది. పల్లెకు చేరిన మొదటి టెలివిజన్ మాట పూర్తిగా సర్కారు మాట. కుటుంబ నియంత్రణ, ఎరువులు, ఆరోగ్యం, దేశసమైక్యత - అన్నీ పైనుంచి కిందికి. అక్షరాలా పైనుంచే, ఆకాశంలో ముప్ఫయ్యారు వేల కిలోమీటర్ల ఎత్తునుంచి! పల్లె వినాలి. పల్లె మాట్లాడటానికి ఆ యంత్రంలో ఏర్పాటు లేదు. గుజరాత్‌లో ఖేడా జిల్లాలో పిజ్ అనే ఊరినుంచి నడిపిన చిన్న స్థానిక ప్రసారం మాత్రం ఇందుకు కొంత మినహాయింపు. అక్కడి ప్రొడ్యూసర్లు ఊళ్ళకు వెళ్ళి కూలి గురించీ, కులం గురించీ ఆ ఊరివాళ్ళ చేతనే మాట్లాడించారు. 1984లో ఖేడా ప్రయోగానికి యునెస్కో బహుమతి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు అది మూతబడింది. బహుమతులు వచ్చిన వాటిని మూసెయ్యడం మనకు అలవాటే.

సరే, అసలు మనిషి దగ్గరకు వస్తాను. పెరియపట్న వెంకటసుబ్బయ్య సతీష్. పి.వి. సతీష్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1945లో మైసూరులో పుట్టారు. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థలో చదువుకుని పాత్రికేయుడిగా మొదలై, టెలివిజన్‌లోకి వచ్చి, సైట్ ప్రయోగంలో ముఖ్యపాత్ర వహించారు. ఉపగ్రహాన్ని నాసా తిరిగి తీసేసుకున్నాక, ఆ ప్రయోగానికి కొనసాగింపుగా కొన్నిచోట్ల భూమి మీద ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. దూరదర్శన్ ప్రొడ్యూసర్‌గా ఆయన ఉద్యోగజీవితం సుమారు రెండు దశాబ్దాలు. గ్రామాభివృద్ధి, వయోజన విద్య ఆయన విషయాలు. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి తెలుగు పల్లెల కోసం కార్యక్రమాలు చేశారు.

ఇంతవరకూ ఇది చక్కటి ఉద్యోగం కథ. పింఛను వచ్చేదాకా లాగెయ్యవచ్చు. కానీ 1980ల మొదట్లో ఆయన కొందరు మిత్రులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థను స్థాపించి, క్రమంగా జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌కు చేరారు. అప్పట్లో అది మెదక్ జిల్లా, 2016 తర్వాత సంగారెడ్డి జిల్లా. ఎర్రనేలలు, వానే ఆధారం. ఊరూరా దళిత స్త్రీలతో సంఘాలు కట్టడం, బీడుపడ్డ భూముల్ని సాగులోకి తేవడం, కొర్రలు జొన్నలు సజ్జలు మళ్ళీ విత్తడం - ఆ పనులన్నీ రాస్తే మరో పుస్తకం అవుతుంది. చిరుధాన్యాల మనిషిగానే లోకం ఆయన్ని ఎరుగును. నాకు ఇక్కడ కావలసింది ఆయనలోని టీవీ ప్రొడ్యూసర్. రెండు దశాబ్దాలపాటు కెమెరా వెనక నిలబడి పల్లె మనుషుల్ని 'చూపించిన' మనిషి, ఆ కెమెరాను వాళ్ళ చేతికే ఇవ్వాలని ఎందుకు అనుకున్నాడన్నదే నా ప్రశ్న.

ఆలోచన పూర్తిగా ఆయనదేనని అనలేం. 1960ల చివర జపాను కంపెనీలు భుజాన వేసుకుని తిరగగల వీడియో యంత్రాలను బజారులోకి తెచ్చాక, కెమెరా పట్టాలంటే పెద్ద స్టూడియో ఉద్యోగి కానక్కర్లేకుండా పోయింది. మన దేశంలో ఈ మార్పు రెండు పాయలుగా ప్రవహించింది. 1984లో అహ్మదాబాదులో 'సేవా' సంస్థ, అమెరికా నుంచి వచ్చిన మార్తా స్టువార్ట్ సాయంతో, కూరగాయలు అమ్ముకునే స్త్రీలకూ బీడీలు చుట్టే స్త్రీలకూ వీడియో నేర్పింది. చదవడం రాయడం రానివాళ్ళు అందులో ఉన్నారు. రెండో పాయ మనందరికీ తెలిసినది. 1988లో ఇండియా టుడే వారు మధు త్రెహన్ సారథ్యంలో 'న్యూస్‌ట్రాక్' అనే వీడియో పత్రిక మొదలుపెట్టారు. వార్తల మీద దూరదర్శన్ గుత్తాధిపత్యం ఉన్న రోజులవి. వీళ్ళు వార్తాకథనాలను క్యాసెట్టులో నింపి నెలనెలా అమ్మేవారు. సినిమాలాగా సెన్సారు చేయించుకోవలసి వచ్చేది. 1990లో మండల్ సిఫారసులకు వ్యతిరేకంగా ఢిల్లీలో జరిగిన ఆందోళనను వాళ్ళు తీసిన దృశ్యాలు దేశాన్ని కుదిపేశాయి. తర్వాతి కాలపు ఆంగ్ల, హిందీ వార్తాచానళ్ళలో ప్రముఖులైనవారు కొందరు ఇలాంటి వీడియో పత్రికల్లోనే ఓనమాలు దిద్దుకున్నారు. మా మేనల్లుడు అడుగుతున్న 'కెరీర్' ఈ రెండో పాయలో ఉంది.

ఆ పాయ తెలుగుదేశంలోకీ వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. క్రికెట్ ప్రసారహక్కుల మీద వచ్చిన తగాదా అది. గాలితరంగాలు ప్రజల ఆస్తి, అవి ప్రభుత్వం సొత్తూ కావు, డబ్బున్నవాడి సొత్తూ కావు అన్నది దాని సారాంశం. తీర్పు ఇచ్చిన ముగ్గురిలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు, విడిగా తన అభిప్రాయం రాసిన మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మరొకరు. అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. 2004లో టీవీ9 వచ్చింది. ఆ తర్వాత తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తలు వెల్లువెత్తాయి. ప్రజల ఆస్తిలో డబ్బున్నవాడి వాటా తేలింది. ప్రజల వాటా సంగతి మాత్రం ఫైళ్ళలోనే ఉండిపోయింది.

ఆ వెల్లువ రోజుల్లో మా ఊరి పక్క పట్నంలో ఒక పెద్దమనిషికి ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళి వీడియోలు తీసేవారు. ఒక చానల్ వారు ఆయన్ని తమ విలేకరిగా పెట్టుకున్నారు. జీతం లేదు, కెమెరా ఆయనదే, పెట్రోలు ఆయనదే. పంపిన బొమ్మ ప్రసారమైతే డబ్బులు, కాకపోతే లేదు. ప్రమాదం జరిగిందంటే పెళ్ళి మధ్యలో వదిలేసి బండి మీద పరిగెత్తేవారు. టేపును బస్సు డ్రైవరు చేతిలో పెట్టి, అది చేరిందో లేదో అని రాత్రి దాకా ఫోన్లు చేసేవారు. ఒకసారి నాతో అన్నారాయన, "రైతు చచ్చిపోతేనే పొలం కెళ్తున్నానండీ, బతికుండగా వెళ్తే ఎవడూ వెయ్యడు" అని. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తే. ఆయన చెడ్డవాడు కాడు, పనిమంతుడు. ఆయన వృత్తిని ఆ రకంగా కట్టారు, అంతే.

ఇక పస్తాపూర్. 1990ల రెండో సగంలో అక్కడ సంఘాల స్త్రీలకు వీడియో శిక్షణ మొదలైంది. చాలామంది దళితులు, వ్యవసాయకూలీలు, బడిమొహం చూడనివాళ్ళు. 2001లో వాళ్ళ పేరు మీదనే కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటివారి పేర్లు తర్వాత పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. చదువు రానివాళ్ళు కెమెరా ఎలా వాడతారని అడిగినవాళ్ళు కోకొల్లలు. మీటల మీది అక్షరాలను వాళ్ళు అక్షరాలుగా కాక బొమ్మలుగా గుర్తుపెట్టుకున్నారు. విత్తనాన్ని రంగు చూసి, బరువు చూసి, వాసన చూసి ఎంచగలిగిన మనిషికి పది మీటలు గుర్తుపెట్టుకోవడం ఒక లెక్కా? నాకైతే ఆ ప్రశ్న అడిగినవాళ్ళే వింతగా కనిపిస్తారు.

అయితే అసలు విశేషం మీటల్లో లేదు, షాట్ల పేర్లలో ఉంది. చిత్రకళాశాలల్లో 'హై యాంగిల్', 'లో యాంగిల్', 'ఐ లెవెల్' అని చెబుతారు. ఈ స్త్రీలు వాటికి వేరే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేలు షాటు. ఎందుకంటే, పటేలు ఎప్పుడూ ఎత్తున కూర్చుని కింద నిలబడ్డవాళ్ళను అలాగే చూస్తాడు. కిందనుంచి తలెత్తి పైకి చూసేది గులాము షాటు, జీతగాడు దొరను చూసే చూపు అది. కంటికి కన్ను ఎదురుగా ఉంచి తీసేది సంఘం షాటు. సంఘంలో అందరూ ఒకే నేలమీద కూర్చుంటారు గనక.

ఈ పేర్లను చాలామంది ముచ్చటగా ఉదహరిస్తారు. 'ఎంత అమాయకంగా పెట్టుకున్నారో' అన్న ధోరణిలో. నాకు ఇందులో అమాయకత్వం కనబడదు. శాస్త్రం చెప్పే పేర్లు కెమెరా ఎత్తును కొలుస్తాయి. కింద కెమెరా పెట్టి తీస్తే ఎదుటి మనిషి ఘనంగా కనిపిస్తాడు అని చెప్పి ఊరుకుంటాయి. వీళ్ళ పేర్లు, చూస్తున్నది ఎవరు అన్న ప్రశ్న వేస్తాయి. ఎదుటివాడు ఘనంగా కనిపిస్తున్నాడంటే, చూసేవాడు నేలమీద ఉన్నాడన్నమాట! జీవితమంతా ఒక కోణంలో చూడబడిన మనుషులు మాత్రమే పెట్టగల పేర్లవి. సైట్ రోజుల ఆకాశపు కెమెరాకు వీళ్ళ భాషలో ఏం పేరు పెట్టాలో వేరే చెప్పక్కర్లేదు.

పేర్ల వెనక పని కూడా ఉంది. విత్తనాల గురించీ, పాత పంటల జాతర గురించీ, పండగల గురించీ, తమ ఊళ్ళ సంగతులెన్నిటి మీదో వాళ్ళు చిత్రాలు తీశారు. వాటిలో బయటి ప్రపంచానికి తెలిసినది వరంగల్ పత్తి కథ. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. ఆ ఖరీఫ్‌లోనే వరంగల్ రైతులు కొందరు కొత్త విత్తనం వేశారు. పస్తాపూర్ స్త్రీలు సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న వరంగల్‌కు కెమెరాలు తీసుకుని వెళ్ళారు. ఒకసారి కాదు. ఆ పంటకాలమంతా, మళ్ళీ మళ్ళీ, అదే రైతుల దగ్గరకు. మొలక వచ్చినప్పుడు, పూత పట్టినప్పుడు, కాయ వచ్చినప్పుడు, ఏరినప్పుడు. మొదట్లో నవ్వుతూ విత్తనం సంచీ చూపించిన రైతే చివర్లో లెక్క చెబుతాడు. 2003లో 'బీటీ పత్తి మీద వరంగల్ రైతులకెందుకు కోపం' అనే అర్థం వచ్చే పేరుతో ఆ చిత్రం వచ్చింది. అక్కడితో వదిలెయ్యలేదు. మూడేళ్ళ అనుభవాన్ని గుదిగుచ్చి 2005లో మరో చిత్రం తీశారు. ఆ తర్వాత వాళ్ళు ఇదే పత్తి కథ కోసం ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాలకూ వెళ్ళారు.

ఫోటో స్టూడియో పెద్దమనిషి మాట ఇక్కడ మళ్ళీ గుర్తు చేసుకోవాలి. వార్తాచానల్ పొలానికి వెళ్ళేది ఒక్క రోజు. ఒక రైతు, ఒక 'బైటు', వెనక ఎండిన చేను, అయిపోయింది. ఆ బొమ్మ అబద్ధం కానక్కర్లేదు. కానీ పంట అనేది ఒక్క రోజులో జరిగే సంఘటన కాదు. వ్యవసాయం తెలిసిన మనిషి చేతిలో కెమెరా ఉంటే, అది విత్తిన రోజునే పొలానికి వెళుతుంది. ఎందుకంటే కథ అక్కడే మొదలవుతుందని ఆమెకు తెలుసు. వీడియో పత్రికారచనలో ఈ స్త్రీలు తెచ్చిన పద్ధతి ఏదైనా ఉందంటే, అది నా దృష్టిలో ఈ ఓపికే.

ఇక అభ్యంతరాలు. దాచవలసినవి కావు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ బీటీ పత్తికి మొదటినుంచీ వ్యతిరేకి. తీర్పు ముందే రాసుకుని సాక్షులను వెతుక్కుంటూ వెళ్ళడం పత్రికారచన ఎలా అవుతుంది, ప్రచారం అవుతుంది గానీ, అని అప్పట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ చిత్రాల్లో రెండో పక్షం వాదనకు చోటు తక్కువ. దీన్ని ఒప్పుకుంటూనే రెండు విషయాలు చెప్పాలి. మొదటిది, ఆ రైతులు చెప్పిన నష్టాలు కల్పన కావు. 2005లో కేంద్ర అనుమతుల సంఘం ఆంధ్రప్రదేశ్‌లో మొదటి మూడు బీటీ రకాలకు - మెక్ 12, మెక్ 162, మెక్ 184 - అనుమతి పొడిగించలేదు. రెండోది, ఈ చిత్రాలు కోరుకున్న దారిన చరిత్ర నడవలేదు. ఇతర బీటీ సంకరాలు వచ్చాయి, రైతులు వాటిని వేశారు, కొన్నేళ్ళలోనే దేశంలో పత్తి విస్తీర్ణంలో అత్యధికభాగం బీటీది అయిపోయింది. వరంగల్ అందుకు మినహాయింపు కాదు. ఆపై 2010లలో గులాబీరంగు పురుగు ఆ విత్తనానికి లొంగకుండా తయారైంది, అది మరో అధ్యాయం. కాబట్టి ఆ చిత్రాలను జోస్యాలుగా చూసేవాళ్ళు, అటైనా ఇటైనా, పొరబడతారు. ఫలానా ఏడు, ఫలానా పొలంలో, ఫలానా రైతుకు ఏమైందో నెలనెలా తీసిపెట్టిన సాక్ష్యంగా చూస్తే వాటికి సాటి వచ్చే రికార్డు ఆ కాలపు చానళ్ళ దగ్గర నాకు కనబడలేదు.

ఇంకో అభ్యంతరం నాది. కెమెరా స్త్రీల చేతికి వచ్చింది, నిజమే. కానీ ఏ విషయం మీద తియ్యాలి, ఎవరు ఆహ్వానించారు, ఇంగ్లీషు వాక్యాలు తెరమీద ఎవరు రాశారు, నిధులెక్కడివి - ఈ ప్రశ్నలన్నీ అడుగుతూపోతే చివరికి ఆ సంస్థ దగ్గరికీ, ఆ పాత ప్రొడ్యూసర్ దగ్గరికీ చేరతాం. పట్నం చదువు చదివిన మైసూరు మనిషి ఎంత కింద కూర్చున్నా పూర్తిగా సంఘం షాటు అవుతుందా? ఆయనలోని నిర్వాహకుడు నిజంగా పదవీవిరమణ చేశాడా? నాకు అనుమానమే. అయితే ఒకటి. రెండు దశాబ్దాల అనుభవమున్న ప్రొడ్యూసర్ తన చిత్రాలు తాను తీసుకుంటూ పేరు తెచ్చుకోవడానికి ఏ అడ్డమూ లేదు. ఆయన తన విద్యను నేర్పి, తెర మీద పేరును మాత్రం వాళ్ళకు వదిలారు. మన టీవీ పరిశ్రమలో సహాయకుడి పేరు తెరమీద వెయ్యడానికే ప్రాణం పోతుంది కదా. ఆ లెక్కన ఇది చిన్న సంగతి కాదు.

రేడియో కథ కూడా ముక్తసరిగా చెప్పాలి. 1990ల చివరిలోనే యునెస్కో సాయంతో మాచనూరులో చిన్న రేడియో కేంద్రం కట్టుకున్నారు. ప్రసారానికి అనుమతి లేదు. గాలితరంగాలు ప్రజలవని సుప్రీంకోర్టు చెప్పి ఏళ్ళు గడిచినా, ఆ ప్రజలకు చట్టం తలుపు తెరవలేదు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ - ఒకే పేరున్న ఇద్దరు యువతులు ఆ కేంద్రాన్ని నడిపారు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం సమావేశాలకు మోసుకెళ్ళి వినిపించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతి ఇచ్చే విధానం వచ్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది. దాన్ని ప్రారంభించినవారు ఎవరనుకున్నారు? 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంత్. తాను రాసిన వాక్యం అమలు కావడం చూడటానికి ఆ న్యాయమూర్తి పదమూడేళ్ళ తర్వాత ఒక మెదక్ పల్లెకు రావలసి వచ్చింది. వార్తాపత్రికల్లో ఓ మూల వచ్చిన ఆ ఫోటోను నేను చాలాకాలం దాచుకున్నాను. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పి.వి. సతీష్ 2023 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. ఆ సంవత్సరాన్నే ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పత్రికలన్నీ సహజంగానే జొన్నల గురించీ కొర్రల గురించీ రాశాయి. ఆయన టీవీ రోజులకు ఒకటి రెండు వాక్యాలు దక్కాయి. ఆ లోటు కొంత పూడ్చాలన్న ఉద్దేశం కూడా ఈ టపా వెనక ఉంది.

మా మేనల్లుడికి ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పాను. సాంతం విని, "మరి వాళ్ళకి జీతం ఎంతొచ్చేది మావయ్యా?" అన్నాడు. వాడి వయసులో అడగవలసిన ప్రశ్నే. ఎంతైనా పెళ్ళి వీడియోలకన్నా తక్కువే అయ్యుంటుందిరా అన్నాను. కాసేపు ఊరుకుని, పటేలు షాటు అంటే ఏమిటో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. మొన్న మా అక్క పంపిన వీడియోలో, వాడు తీసినదే, మా అమ్మ పెరట్లో పీట మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఏదో పాత సంగతి చెబుతోంది, సగం వినబడలేదు. బొమ్మ కొంచెం వణికింది. వాడు గచ్చు మీద చతికిలబడి తీసినట్టున్నాడు, అమ్మ కళ్ళు సూటిగా కెమెరాలోకే చూస్తున్నాయి.